ఇయన్ హోమ్

సర్ ఇయన్ హోమ్ (1931 సెప్టెంబర్ 12 – 2020 జూన్ 19) బ్రిటిష్ నటుడు. నాటకం, సినిమా, టెలివిజన్, రేడియో నాలుగింటిలోనూ కలిపి అరవై ఏళ్లు పనిచేశాడు. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి పునాది పడిన రోజుల్లో దాని ముఖ్య నటుల్లో ఒకడు. హెరాల్డ్ పింటర్ నాటకాల్లోని మాటనూ మౌనాన్నీ బాగా పట్టుకున్న నటుడని పేరు తెచ్చుకున్నాడు. సినిమాలో ఆయనది గుణచిత్ర నటుడి స్థానం, మన పరిశ్రమ వాడుకలో చెప్పాలంటే క్యారెక్టర్ ఆర్టిస్టు. ‘ఏలియన్’ (1979)లో యాష్, ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ (1981)లో శామ్ ముసబీని, ‘ది స్వీట్ హియర్‌ఆఫ్టర్’ (1997)లో మిచెల్ స్టీవెన్స్, ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ చిత్రాల్లో ముసలి బిల్బో బ్యాగిన్స్ ఆయన వేసిన పాత్రల్లో బాగా తెలిసినవి.

హోమ్ నటజీవితానికి ఒక ప్రత్యేకత ఉంది. యువకుడిగా నటించిన కథల్లోకే వయసు పైబడ్డాక మరో పాత్రతో తిరిగివచ్చాడు. ‘కింగ్ లియర్’లో 1959లో విదూషకుడు, 1997లో రాజు. పింటర్ ‘ది హోమ్‌కమింగ్’లో 1965లో కొడుకు, 2001లో తండ్రి. ‘హెన్రీ ది ఫిఫ్త్’లో 1964లో యువరాజు స్థాయి దాటిన రాజు, 1989లో అదే రాజు సైన్యంలోని వెల్ష్ సైనికాధికారి. టాల్కీన్ కథలో 1981లో రేడియోలో ఫ్రోడో, 2001లో తెరమీద ఫ్రోడోను పెంచిన బిల్బో. ఈ రాకపోకలకు మధ్యన, రంగస్థలం ఎక్కడానికే భయపడి దూరంగా గడిపిన చాలా ఏళ్లున్నాయి.

పుట్టుక, కుటుంబం

పూర్తి పేరు ఇయన్ హోమ్ కత్‌బర్ట్. లండన్‌కు తూర్పున, ఎసెక్స్‌లోని గుడ్‌మేస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ స్కాట్లాండు వారు. తండ్రి జేమ్స్ కత్‌బర్ట్ మానసిక వైద్యుడు, గుడ్‌మేస్‌లోని మానసిక వైద్యశాలకు సూపరింటెండెంట్. తల్లి జీన్ హోమ్ నర్సు. నటుడయ్యాక తండ్రి ఇంటిపేరు విడిచి తల్లి పుట్టింటి పేరుతోనే కొనసాగాడు. ఈ పేరును ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎల్ అక్షరం ఉంటుంది కానీ పలికేటప్పుడు వినిపించదు. అందుకే ‘హోల్మ్’ అనడంకన్నా ‘హోమ్’ అనడమే సరైన ఉచ్చారణ.

పిచ్చాసుపత్రి ఆవరణకు దగ్గరగా పెరిగిన ఈ పిల్లవాడు, అరవై దాటాక ‘ది మ్యాడ్‌నెస్ ఆఫ్ కింగ్ జార్జ్’ (1994)లో మతి చలించిన రాజుకు వైద్యం చేసే డాక్టర్ విల్లిస్‌గా నటించాడు. మాట వినని రాజును కుర్చీకి కట్టించే ఆ వైద్యుడిలో క్రూరత్వం కనిపించదు. కనిపించేది తన పద్ధతి మీద చెక్కుచెదరని నమ్మకమే.

చదువు, శిక్షణ

చిగ్‌వెల్ పాఠశాలలో చదివాడు. హెన్రీ బేంటన్ అనే పాతతరం షేక్‌స్పియర్ నటుడు పరిచయమై, నాటక పాఠశాల ప్రవేశ పరీక్షకు ఆయనను తయారుచేశాడు. 1950లో లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమటిక్ ఆర్ట్‌లో చేరాడు. ఆ కాలపు బ్రిటిష్ యువకులందరికీ తప్పనిసరి అయిన సైనిక సేవ వల్ల చదువు మధ్యలో ఆగింది. సైనికుడిగా కొంతకాలం ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫుర్ట్‌లో ఉండి, తిరిగివచ్చాక శిక్షణ పూర్తిచేశాడు.

ఎత్తు ఐదున్నర అడుగులకు అటూ ఇటూ. నాయక పాత్రలకు ఆజానుబాహుల్ని వెతికే రోజులవి. ఆ పొట్టితనమే తర్వాత ఆయన వృత్తికి ఒక దారి చూపింది. నెపోలియన్‌గా మూడుసార్లు నటించడానికీ, ‘పీటర్ పాన్’ సృష్టికర్త జె. ఎం. బారీ, హాబిట్ బిల్బో వంటి పాత్రలకు ఆయన పేరు తట్టడానికీ శరీరాకృతి కూడా ఒక కారణమే.

స్ట్రాట్‌ఫర్డ్ రోజులు

1954లో స్ట్రాట్‌ఫర్డ్-అపాన్-ఏవన్‌లోని షేక్‌స్పియర్ స్మారక నాటకశాలలో చేరాడు. ‘ఒథెలో’లో ఈటె పట్టుకుని వెనక నిలబడే సైనికుడి వేషంతో మొదలుపెట్టాడు. మరుసటి ఏడు పీటర్ బ్రూక్ దర్శకత్వం వహించిన ‘టైటస్ ఆండ్రోనికస్’లో లారెన్స్ ఒలివియే టైటస్ కాగా, ఆ తండ్రి చేతిలోనే హతమయ్యే కొడుకు మ్యూటియస్‌గా హోమ్ కనిపించాడు. ఇలా ఐదేళ్లు చిన్న వేషాలతో గడిచాయి.

1959 ఆయనకు మలుపు. ఆ సీజన్‌లో ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’లో పక్ అనే కొంటె దేవత పాత్ర దక్కింది. అదే సీజన్‌లో చార్ల్స్ లాటన్ లియర్ వేసినప్పుడు విదూషకుడి పాత్ర కూడా వచ్చింది. రాజు వెంట తిరుగుతూ, నవ్విస్తూనే నిజం చెప్పే ఆ పాత్రను పోషించినప్పుడు ఆయనకు ఇరవయ్యేడేళ్లు.

1960ల తొలినాళ్లలో దర్శకుడు పీటర్ హాల్ ఈ సంస్థను పునర్వ్యవస్థీకరించాడు. 1961లో అది రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ అయింది. ఒక సీజన్‌కు నటుల్ని పిలిచి పంపేసే పాత పద్ధతి స్థానంలో, దీర్ఘకాలిక ఒప్పందాల మీద ఒకే బృందాన్ని నిలిపి ఉంచే పద్ధతి వచ్చింది. పద్యాన్ని రాగం తీసి పాడకుండా, అర్థం ముందు నిలిచేలా స్పష్టంగా పలకాలన్నది హాల్, ఆయన సహచర దర్శకుడు జాన్ బార్టన్‌ల పట్టుదల. ఈ పద్ధతికి హోమ్ గొంతు చక్కగా సరిపోయింది. పాత తరం నటుల్లా గొంతెత్తకుండానే చివరి వరుసకు వినిపించగలిగాడు.

1963లో ‘హెన్రీ ది సిక్స్త్’ మూడు భాగాలనూ ‘రిచర్డ్ ది థర్డ్’నూ కలిపి హాల్, బార్టన్ ‘ది వార్స్ ఆఫ్ ద రోజెస్’ పేరుతో మూడు నాటకాలుగా మలిచారు. పెగీ ఆష్‌క్రాఫ్ట్ రాణి మార్గరెట్, డేవిడ్ వార్నర్ ఆరవ హెన్రీ, ఇయన్ హోమ్ రిచర్డ్. బీబీసీ దీన్ని 1965లో టెలివిజన్‌లో ప్రసారం చేసింది. షేక్‌స్పియర్ నాలుగు వందలవ జయంతి జరిగిన 1964లో ఇదే బృందం చారిత్రక నాటకాల వరుస మొత్తాన్ని ప్రదర్శించింది. అందులో తాగుబోతు మిత్రుల మధ్య తిరిగే యువరాజు హాల్‌గానూ, సింహాసనం ఎక్కాక ఐదవ హెన్రీగానూ హోమ్ నటించాడు. ఐదవ హెన్రీ పాత్రకు 1965లో ఈవినింగ్ స్టాండర్డ్ ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. 1967లో రోమియో వేషం కూడా వేశాడు.

పింటర్, ‘ది హోమ్‌కమింగ్’

1965లో లండన్‌లోని ఆల్డ్‌విచ్ థియేటర్‌లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ హెరాల్డ్ పింటర్ కొత్త నాటకం ‘ది హోమ్‌కమింగ్’ ప్రదర్శించింది. దర్శకుడు పీటర్ హాల్. ఉత్తర లండన్‌లో ఆడదిక్కు లేని ఒక ఇల్లు. ముసలి కసాయి మాక్స్, అతని తమ్ముడు, ఇద్దరు కొడుకులు అందులో ఉంటారు. అమెరికాలో ప్రొఫెసరుగా స్థిరపడిన పెద్దకొడుకు భార్య రూత్‌ను వెంటబెట్టుకుని అర్ధరాత్రి ఆ ఇంటికి వస్తాడు. హోమ్ పోషించిన లెనీ రెండో కొడుకు, స్త్రీలతో వ్యాపారం నడిపేవాడు.

పింటర్ నాటకంలో పాత్రలు తమకు కావలసింది ఎప్పుడూ సూటిగా అడగవు. మామూలు మాటల మాటున బెదిరింపు దాగి ఉంటుంది. వాక్యానికీ వాక్యానికీ నడుమ వదిలిన విరామం కూడా ఒక ఎత్తే. లెనీ రాత్రివేళ రూత్‌తో తొలిసారి మాట్లాడే ఘట్టంలో ఇద్దరి మధ్య ఒక మంచినీళ్ల గ్లాసు ఉంటుంది, అంతే. ఎవరు ఎవరిని లొంగదీస్తారన్నది ఆ గ్లాసు చుట్టూ తేలుతుంది. ఇలాంటి చోట గొంతు ఒక్క మెట్టు పెంచినా ఘట్టం చెడిపోతుంది. ఎదుటివారిని ఆప్యాయంగా పలకరిస్తున్నట్టే ఉంటూ వెన్నులో చలి పుట్టించే పద్ధతి హోమ్‌కు ఇక్కడే పట్టుబడింది.

నాటకం 1967 జనవరిలో న్యూయార్క్ బ్రాడ్‌వేకు వెళ్లింది. ఉత్తమ నాటకంగా టోనీ పురస్కారం పొందింది. మాక్స్‌గా నటించిన పాల్ రోజర్స్‌కు ఉత్తమ నటుడి టోనీ, హోమ్‌కు ఉత్తమ సహాయ నటుడి టోనీ దక్కాయి. 1973లో పీటర్ హాల్ దీన్ని సినిమాగా తీసినప్పుడు కూడా లెనీ ఆయనే.

1976: వేదిక మీద తడబాటు

1976లో ఆల్డ్‌విచ్ థియేటర్‌లోనే యూజిన్ ఓనీల్ ‘ది ఐస్‌మ్యాన్ కమెత్’ సిద్ధమైంది. హోమ్‌ది హికీ పాత్ర. సారాకొట్టులో బతుకు వెళ్లదీస్తున్న వాళ్ల భ్రమలు వదలగొడతానని వచ్చే సేల్స్‌మన్ ఇతను. నాటకం చివర్లో ఈ పాత్రకు చాలా పొడవైన స్వగతం లాంటి ప్రసంగం ఉంటుంది. అధికారిక ప్రారంభానికి ముందు జరిగే ప్రివ్యూ ప్రదర్శనల్లో ఆయనకు మాటలు గుర్తురాలేదు. వేదిక దిగి గ్రీన్‌రూమ్‌కు వెళ్లిన మనిషి మళ్లీ వేదిక మీదికి రాలేకపోయాడు. ఆ పాత్ర మరొకరికి వెళ్లింది.

నాటకరంగంలో వేదిక భయం కొత్తదేమీ కాదు. ఒలివియే అంతటివాడు కూడా నడివయసులో కొన్నేళ్లు దానితో సతమతమయ్యాడు. మొదటిసారి వేదిక ఎక్కే కుర్రాడి భయం వేరు, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న నటుడికి కలిగే భయం వేరు. రెండోవాడికి జరగబోయేది ముందే తెలుసు. మాట తప్పితే మళ్లీ తీసుకునే వీలు లేదనీ, చీకట్లో కూర్చున్న వందల మంది దాన్ని చూస్తారనీ తెలుసు. హోమ్ 1979లో హాంప్‌స్టెడ్ థియేటర్‌లో చెఖోవ్ ‘అంకుల్ వాన్యా’లో నటించడం మినహా, 1993 దాకా రంగస్థలానికి దూరంగానే ఉన్నాడు.

కెమెరా ముందు ఈ చిక్కు లేదు. తడబడితే ఇంకో టేక్ ఉంటుంది. పదిహేడేళ్ల ఈ ఎడబాటు బ్రిటిష్ నాటకానికి నష్టం. అంతర్జాతీయ సినిమాకు హోమ్ పూర్తిగా దొరికింది మాత్రం ఆ కాలంలోనే.

తొలి సినిమాలు

సినిమాల్లోకి 1960ల చివర్లోనే అడుగుపెట్టాడు. జాక్ గోల్డ్ తీసిన ‘ది బోఫోర్స్ గన్’ (1968)లో సైనికుడి పాత్రకు ఉత్తమ సహాయ నటుడిగా బాఫ్టా పురస్కారం లభించింది. అదే ఏడు హాల్ తీసిన ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ సినిమాలో మళ్లీ పక్ వేశాడు. ‘ఓ! వాట్ ఎ లవ్లీ వార్’ (1969)లో ఫ్రెంచి అధ్యక్షుడు పాంకరే, ‘మేరీ, క్వీన్ ఆఫ్ స్కాట్స్’ (1971)లో రాణి ఆంతరంగికుడు రిజియో, ‘రాబిన్ అండ్ మారియన్’ (1976)లో జాన్ రాజు ఆయన వేషాలు. వీటిలో ఎక్కువ భాగం పది పదిహేను నిమిషాల పాత్రలు. చరిత్ర పుస్తకాల్లోని పేర్లకు మనిషి ముఖం తొడిగే పని ఆయనకు తరచుగా వచ్చేది.

‘ఏలియన్’లో యాష్

రిడ్లీ స్కాట్ దర్శకత్వం వహించిన ‘ఏలియన్’ లండన్ సమీపంలోని షెపర్టన్ స్టూడియోలో చిత్రీకరణ జరుపుకొని, 1979లో విడుదలైంది. నాస్ట్రోమో అనే సరుకు నౌకలో ఏడుగురు సిబ్బంది. అందులో హోమ్ పోషించిన యాష్ శాస్త్ర అధికారి. ముఖానికి వింత ప్రాణి అంటుకున్న సహచరుడిని లోపలికి రానివ్వకూడదని నిబంధన ఉన్నా, తలుపు తెరిచేది ఇతనే. మానవత్వంతో తెరిచాడని అందరూ అనుకుంటారు.

యాష్ మనిషి కాదు, కంపెనీ నియమించిన యంత్రమని సినిమా సగం దాటాక బయటపడుతుంది. ప్రాణిని భద్రంగా ఇంటికి చేర్చడమే అతని పని, సిబ్బంది బతుకుతారా లేదా అన్నది లెక్కలో లేదు. ఈ రహస్యం తెలిశాక మళ్లీ చూస్తే హోమ్ ఎంత ముందునుంచి దీనికి సిద్ధం చేశాడో అర్థమవుతుంది. సహచరుడి ఛాతీ చీల్చుకుని ప్రాణి బయటికి వచ్చే ఘట్టంలో, దాన్ని చంపబోయిన వాడిని వారించేది యాష్. మిగతావాళ్ల ముఖాల్లో భయం, అతని ముఖంలో పరిశీలన. సిబ్బందిలో ఒకరైన రిప్లీ నిలదీసినప్పుడు కణత మీదుగా జారే తెల్లటి చెమట చుక్క మొదటి ఆనవాలు. చివరికి తెగిన తల బల్ల మీద పడి, పాలలాంటి ద్రవం కక్కుతూ మాట్లాడే ఘట్టంలో కూడా ఆయన గొంతు పెంచలేదు. సిబ్బందిని చంపుతున్న ప్రాణిని మెచ్చుకుంటూ, బతికున్న వాళ్లమీద జాలి చూపుతూ మాట్లాడే ఆ తల భయానక సినిమాల్లో మరపురాని దృశ్యాల్లో ఒకటి.

‘చారియట్స్ ఆఫ్ ఫైర్’లో ముసబీని

1924 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటిష్ పరుగుపందెగాళ్ల కథ ఇది. దర్శకుడు హ్యూ హడ్సన్. 100 మీటర్ల పందెంలో గెలవాలని పట్టుబట్టిన హెరాల్డ్ ఏబ్రహమ్స్, అరబ్-ఇటాలియన్ మూలాలున్న శామ్ ముసబీనిని శిక్షకుడిగా పెట్టుకుంటాడు. డబ్బు తీసుకుని శిక్షణ ఇచ్చేవాడిని ఆ కాలపు పెద్దమనుషుల క్రీడాలోకం చిన్నచూపు చూసేది. అందుకే పందెం జరిగే రోజు ముసబీని మైదానంలో ఉండడు. దగ్గరలోని హోటల్ గదిలో కిటికీ దగ్గర ఒంటరిగా ఉంటాడు.

ఈ ఘట్టమే హోమ్‌కు ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చింది. కేకలు వినిపిస్తాయి కానీ ఎవరు గెలిచారో తెలియదు. అప్పుడు కిటికీలోంచి బ్రిటిష్ జెండా పైకి లేవడం కనిపిస్తుంది, జాతీయ గీతం వినిపిస్తుంది. అతను టోపీ తీసి నిటారుగా నిలబడతాడు. తర్వాత మంచం మీద కూలబడి, ఆ గడ్డి టోపీ నెత్తిని పిడికిలితో పొడిచి పగలగొడతాడు. విజయాన్ని చూడకుండా, వినికిడి మీదే ఆధారపడిన ఆనందం అది. పందెం చూపించి ఆ తర్వాత గుంపు చప్పట్లు చూపించే మామూలు పద్ధతికి భిన్నంగా, గెలుపు బరువంతా ఒక గదిలోని ఒక మనిషి మీద పడింది.

ఈ పాత్రకు కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ సహాయ నటుడి పురస్కారం, బాఫ్టా దక్కాయి. ఆస్కార్‌కు నామినేషన్ వచ్చింది కానీ గెలవలేదు. ఆ ఆస్కార్ ‘ఆర్థర్’ చిత్రానికి జాన్ గీల్‌గుడ్‌కు వెళ్లింది. తమాషా ఏమిటంటే ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’లో ఏబ్రహమ్స్‌ను పిలిచి, జీతగాడి శిక్షణ పెద్దమనిషి తరహా కాదని హెచ్చరించే కేంబ్రిడ్జి పెద్దల్లో ఒకరు గీల్‌గుడ్‌. ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ మాత్రం ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు గెలిచింది.

1980, 1990ల సినిమాలు

ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో దర్శకులు తమతమ సినిమాల్లో ఆయనకు చోటు పెట్టుకున్నారు. టెర్రీ గిలియం ‘టైమ్ బాండిట్స్’ (1981)లో పొట్టివాళ్లైన విజేతల జాబితా వల్లించే నెపోలియన్, ‘బ్రెజిల్’ (1985)లో సంతకం పెట్టడానికి కూడా జంకే గుమాస్తాల పై అధికారి. ‘గ్రేస్టోక్’ (1984)లో అడవిలో పెరిగిన టార్జాన్‌కు మాటలు నేర్పే బెల్జియన్ అధికారి. ‘డ్రీమ్‌చైల్డ్’ (1985)లో ‘ఆలిస్’ కథల రచయిత లూయిస్ క్యారల్. ‘డాన్స్ విత్ ఎ స్ట్రేంజర్’ (1985)లో తనను ప్రేమించని స్త్రీకి అన్నీ ఇచ్చుకునే డెస్మండ్ కస్సెన్. వుడీ అలెన్ ‘అనదర్ ఉమన్’ (1988), డేవిడ్ క్రోనెన్‌బర్గ్ ‘నేకెడ్ లంచ్’ (1991), స్టీవెన్ సోడర్‌బర్గ్ ‘కాఫ్కా’ (1991) ఈ వరుసలోనివే.

కెనెత్ బ్రానా ‘హెన్రీ ది ఫిఫ్త్’ (1989)లో ఫ్లుయెలెన్ పాత్ర ఆయనకు ఇష్టమైన షేక్‌స్పియర్‌కు తెరమీద తిరిగి చేరే దారి. పాతికేళ్ల క్రితం తాను మోసిన కిరీటం ఇప్పుడు మరొకరి తలమీద ఉంది. యుద్ధ నియమాల గురించి వాదించే ఆ వెల్ష్ మనిషిలో ఆయన నవ్వునూ నిష్ఠనూ కలిపాడు. మరుసటి ఏడు ఫ్రాంకో జెఫిరెల్లి ‘హామ్లెట్’ (1990)లో పొలోనియస్ వేశాడు. ‘బిగ్ నైట్’ (1996)లో వంట తెలిసిన అన్నదమ్ముల్ని వ్యాపారంతో దెబ్బకొట్టే హోటల్ యజమాని, ‘ది ఫిఫ్త్ ఎలిమెంట్’ (1997)లో లోకాన్ని కాపాడే రహస్యం తెలిసిన పూజారి కార్నీలియస్ ఆయన హాస్య పటిమకు గుర్తులు.

‘ది స్వీట్ హియర్‌ఆఫ్టర్’

సినిమాల్లో ఎక్కువగా సహాయ పాత్రలే వేసిన నటుడికి ప్రధాన పాత్ర దాదాపు అరవై ఆరేళ్ల వయసులో వచ్చింది. రసెల్ బ్యాంక్స్ నవల ఆధారంగా అటామ్ ఎగోయాన్ తీసిన ఈ కెనడా చిత్రం 1997లో కాన్‌లో గ్రాండ్ ప్రీ గెలిచింది. మంచు కురిసే ఒక చిన్న ఊళ్లో బడి బస్సు గడ్డకట్టిన సరస్సులోకి జారి పిల్లలు చనిపోతారు. నష్టపరిహారం దావా వేయిద్దామని వచ్చే లాయరు మిచెల్ స్టీవెన్స్. తల్లిదండ్రుల దుఃఖాన్ని కోపంగా మార్చడం అతని వృత్తి. మాదకద్రవ్యాలకు బానిసైన సొంత కూతురు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటుంది. అతనూ ఒక రకంగా బిడ్డను పోగొట్టుకున్న తండ్రే.

విమానంలో పక్కసీటులో కూర్చున్న కూతురి చిన్ననాటి స్నేహితురాలికి అతను ఒక పాత సంగతి చెబుతాడు. చిన్నారి కూతురిని సాలెపురుగులు కుట్టి గొంతు వాచినప్పుడు, ఆసుపత్రికి చేరేలోపు ఊపిరాడకపోతే గొంతు కోయడానికి కత్తి సిద్ధంగా పట్టుకుని, ఒడిలో బిడ్డకు జోలపాట పాడుతూ కూర్చున్న సంగతి. హోమ్ దీన్ని ఏడవకుండా, జరిగింది జరిగినట్టు చెబుతాడు. కెనడాలో ఆ ఏటి జీనీ ఉత్తమ నటుడి పురస్కారం ఈ పాత్రకు దక్కింది.

టెలివిజన్, రేడియో

1974లో థేమ్స్ టెలివిజన్ ధారావాహిక ‘నెపోలియన్ అండ్ లవ్’లో తొలిసారి నెపోలియన్ అయ్యాడు. 2001లో ‘ది ఎంపరర్స్ న్యూ క్లోత్స్’ సినిమాతో మూడోసారి. ద్వీపవాసం నుంచి తప్పించుకొచ్చిన చక్రవర్తి, పారిస్‌లో తనను ఎవరూ నమ్మక ఖర్బూజాల వ్యాపారంలో పడే కథ అది. తొలిసారి ప్రేమికుడు, గిలియం సినిమాలో విదూషకుడు, చివరిసారి మామూలు బతుకులో రుచి చూసిన ముసలివాడు.

1978లో ఆండ్రూ బర్కిన్ రాసిన బీబీసీ నాటకం ‘ది లాస్ట్ బాయ్స్’లో జె. ఎం. బారీ పాత్రకు రాయల్ టెలివిజన్ సొసైటీ పురస్కారం అందుకున్నాడు. తల్లిదండ్రులు పోయిన లెవెలిన్ డేవిస్ అన్నదమ్ముల్ని చేరదీసిన రచయితలోని ఆప్యాయతనూ, అదే మనిషిలో మనకు ఇబ్బంది కలిగించే పట్టుదలనూ విడదీయకుండా చూపించాడు. నాజీ నాయకుల్లో హిమ్లర్‌గా ‘హోలోకాస్ట్’ (1978)లోనూ, గోబెల్స్‌గా ‘ఇన్‌సైడ్ ద థర్డ్ రైక్’ (1982)లోనూ కనిపించాడు. లెన్ డైటన్ గూఢచారి నవలల ఆధారంగా పదమూడు భాగాలుగా వచ్చిన ‘గేమ్, సెట్ అండ్ మ్యాచ్’ (1988)లో బెర్నార్డ్ శామ్సన్ ఆయనే. 1992లో ‘ది బారోయర్స్’లో పలకల కింద బతికే అంగుష్ఠమాత్రుల కుటుంబానికి పెద్దయిన పాడ్ అయ్యాడు.

బీబీసీ రేడియో 1981లో ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ను ఇరవై ఆరు భాగాలుగా ప్రసారం చేసింది. ఫ్రోడో గొంతు హోమ్‌ది, అతని తోడుగా వెళ్లే శామ్ గొంతు బిల్ నై ది. ఉంగరం బరువు పెరిగేకొద్దీ గొంతులోని హుషారు ఎలా తగ్గుతుందో వినడానికి ఇప్పటికీ ఈ ప్రసారాన్ని వెతికే శ్రోతలున్నారు.

రంగస్థలానికి తిరిగి రాక

1993లో లండన్ అల్మైడా థియేటర్‌లో పింటర్ కొత్త నాటకం ‘మూన్‌లైట్’ వేసేటప్పుడు హోమ్ మళ్లీ వేదిక ఎక్కాడు. దర్శకుడు డేవిడ్ లెవో. మరణశయ్య మీద పడుకుని భార్యతో తగువులాడుతూ, రాని కొడుకుల కోసం ఎదురుచూసే ఆండీ పాత్ర అది. భయపెట్టిన చోటికి ఆయన మళ్లీ పింటర్ మాట పట్టుకునే రావడం యాదృచ్ఛికం అనిపించదు. ఈ నాటకానికి ఈవినింగ్ స్టాండర్డ్ ఉత్తమ నటుడి పురస్కారం దక్కింది.

1997లో నేషనల్ థియేటర్‌లోని మూడు వేదికల్లో అతి చిన్నదైన కాటెస్లోలో రిచర్డ్ ఐర్ ‘కింగ్ లియర్’ చేయించాడు. ప్రేక్షకులు చేయి చాస్తే అందేంత దూరంలో ఉంటారు. లియర్ అంటే కొండలా గర్జించే రాజు అన్న అలవాటుకు భిన్నంగా, హోమ్ ఇంట్లో పెత్తనం చెలాయించే ముక్కోపి తండ్రిని చూపించాడు. కూతుళ్ల మీద అతని శాపాలు రాజ్య వ్యవహారంలా కాక, కడుపులో పెట్టుకున్న కక్షలా వినిపించాయి. తుఫాను ఘట్టంలో బట్టలన్నీ విప్పి నగ్నంగా నిలబడ్డాడు. మైకేల్ బ్రయంట్ విదూషకుడు. ముప్పై ఎనిమిదేళ్ల క్రితం తాను వేసిన పాత్ర మాటలకు ఇప్పుడు తాను రాజుగా బదులిచ్చాడు. 1998లో ఈ లియర్‌కు ఒలివియే పురస్కారం వచ్చింది. బీబీసీ కోసం దీన్ని చిత్రీకరించడంతో నాటకశాలకు వెళ్లలేనివారికీ అది చేరింది.

2001లో డబ్లిన్ గేట్ థియేటర్ ‘ది హోమ్‌కమింగ్’ను ప్రదర్శించింది. హోమ్ ఈసారి మాక్స్, లెనీగా ఇయన్ హార్ట్. లండన్‌లో ఆ నాటకం ఆడిన కామెడీ థియేటర్ పేరును 2011లో హెరాల్డ్ పింటర్ థియేటర్‌గా మార్చారు.

బిల్బో

న్యూజీలాండ్ దర్శకుడు పీటర్ జాక్సన్ టాల్కీన్ నవలను సినిమాగా తీసేటప్పుడు, రేడియోలో ఫ్రోడో అయిన నటుడిని బిల్బోగా ఎంచుకున్నాడు. ‘ది ఫెలోషిప్ ఆఫ్ ద రింగ్’ (2001)లో పుట్టినరోజు విందు దగ్గర సరదా మనిషిగా కనిపించే బిల్బో, రివెండెల్‌లో ఉంగరం మళ్లీ కంటపడగానే ఒక్క క్షణం రాక్షసుడిలా మారి, వెంటనే సిగ్గుతో ఏడుస్తాడు. ఆ మొహం మారడం సాంకేతిక నిపుణుల పని, సిగ్గుపడటం నటుడి పని. ‘ది రిటర్న్ ఆఫ్ ద కింగ్’ (2003)లో వృద్ధాప్యంతో వంగిపోయి ఓడ ఎక్కుతాడు. ‘ది హాబిట్’ చిత్రాల నాటికి దూర ప్రయాణం చేసే ఓపిక లేకపోవడంతో, ఆయన ఘట్టాలను ఇంగ్లండులోనే చిత్రీకరించారు. 2014లో వచ్చిన ‘ది బ్యాటిల్ ఆఫ్ ద ఫైవ్ ఆర్మీస్’ ఆయన చివరి చిత్రం. ఈ రెండు వరుస చిత్రాల మధ్యకాలంలో ‘ది ఏవియేటర్’ (2004), ‘గార్డెన్ స్టేట్’ (2004) చిత్రాల్లో నటించాడు. ‘రాటటూయి’ (2007)లో కోపిష్టి వంటల పెద్ద స్కిన్నర్‌కు గొంతు ఇచ్చాడు.

నటనా రీతి

హోమ్ నటనలో అతిగా కనిపించేది ఏదీ ఉండదు. ముఖం కదలకుండా కళ్లతో ఆలోచన చూపిస్తాడు. పాత్ర లోపల ఏదో దాచుకుందని తెలుస్తుంది, అది ఏమిటన్నది వెంటనే తెలియదు. యాష్‌లో దాచింది యంత్రం, ముసబీనిలో అవమానం, స్టీవెన్స్‌లో కూతురు, బిల్బోలో ఉంగరం. ఒకే పద్ధతి నాలుగు రకాల ఫలితాలిచ్చింది. దీనికి మూలం పింటర్ నాటకాల్లోని విరామం. పద్యం పలికే స్పష్టత స్ట్రాట్‌ఫర్డ్ నుంచి వచ్చింది. హఠాత్తుగా కట్టలు తెంచుకునే కోపం ఆయనకు ఆయుధం. దాన్ని ఒక సినిమాలో ఒకటి రెండుసార్లకు మించి వాడడు.

గౌరవాలు, వ్యక్తిగత జీవితం, మరణం

1989లో సీబీఈ, 1998లో నైట్‌హుడ్ పొందాడు. నాలుగుసార్లు పెళ్లి చేసుకున్నాడు. మూడో భార్య నటి పెనెలోపీ విల్టన్ ‘ది బారోయర్స్’లో ఆయన పక్కన హోమిలీగా నటించింది. నాలుగో భార్య చిత్రకారిణి సోఫీ డి స్టెంపెల్. ఐదుగురు సంతానం. 2001లో ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడి చికిత్స పొందాడు. 2004లో ‘యాక్టింగ్ మై లైఫ్’ పేరుతో ఆత్మకథ వచ్చింది. పార్కిన్సన్స్ వ్యాధితో బాధపడుతూ 2020 జూన్ 19న లండన్‌లో 88 ఏళ్ల వయసులో మరణించాడు.

మరణం తర్వాత

2024లో విడుదలైన ‘ఏలియన్: రోములస్’లో రూక్ అనే యంత్రమానవుడికి హోమ్ ముఖం పెట్టారు. కుటుంబ అనుమతితో, కదిలే బొమ్మనూ కంప్యూటర్ గ్రాఫిక్స్‌నూ మరో నటుడి అభినయాన్నీ కలిపి ఈ పాత్రను తయారుచేశారు. యాష్ ఒక నమూనా యంత్రం కనుక అదే నమూనా మరొకటి ఉండటం కథలో తప్పు కాదన్నది ఒక వాదన. చనిపోయిన నటుడి పోలికను కొత్త పాత్రకు వాడుకోవడం తగదన్నది రెండో వాదన. చాలామంది సమీక్షకులు ముఖం పోలిక బాగానే ఉన్నా కళ్లు నమ్మించలేదన్నారు. 1979లో యంత్రంగా నటించిన మనిషిని మనిషే అని మూడింట రెండు వంతుల సినిమా నడిచేదాకా ప్రేక్షకులు నమ్మింది ఆ కళ్ల వల్లే.